కనుమలో కూర్చున్న ఎద్దు

అనగా అనగా, కొండ మీది ఊళ్ళకు ఉప్పు ఎడ్ల వీపునెక్కి పోయే రోజుల్లో, సముద్రపు ఒడ్డున పేరయ్య అనే ఉప్పు వర్తకుడు ఉండేవాడు.

కుదురుగా కూర్చోండి. ఈ పేరయ్య సంగతి చెప్పాలంటేనే నాకు తలనొప్పి వస్తుంది. మధ్యలో ఎవరైనా లేచారో, అది ఇంకా ఎక్కువవుతుంది.

పేరయ్య మంచివాడే. తూకంలో మోసం చెయ్యడు, అబద్ధం ఆడడు, ఒకరి జోలికి పోడు. కానీ ఒక్క జబ్బుంది. ఎక్కడ చూసినా, ఏం చేసినా, కాలం వృథా అయిపోతోందనే జబ్బు. దానికి మందు లేదు, పథ్యం లేదు.

అన్నం నడుస్తూ తినేవాడు. తలపాగా నడుస్తూ చుట్టుకునేవాడు. దారిలో ఏరు దాటేటప్పుడు ఎలాగూ తడుస్తాం కదా అని స్నానం దాంతోనే సరిపెట్టేవాడు. నిద్ర కూడా గబగబా పోయేవాడు, వెనక ఎవరో తరుముతున్నట్టు. ఇంతా చేసి మిగిల్చిన కాలంలో ఏం చేసేవాడయ్యా అంటే, ఇంకో పని. అందులో కాస్త మిగిలితే మరో పని. ఏం చెప్పమంటారు!

పైగా అడిగినవాడికీ అడగనివాడికీ ఒకటే పాట.

“నా బతుకులో ఒకే ఒక్క పూట వృథా చేశానండీ. కుర్రతనం. ఒక సంచీ ఉప్పు వానకు కరిగి నేలపాలయింది. ఇంటికెళ్ళి మా అయ్య చేత చీవాట్లు తిని ఒట్టు పెట్టాను, మళ్ళీ ఎన్నడూ ఊరికే కూర్చోనని. ఆ పూట తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.”

ఆ పూట ఏం చేస్తూ కూర్చున్నావయ్యా అని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పడానికి ఆయన ఆగితే కదా!

పేరయ్య భార్య సూరమ్మ. కొండ మీది ఊరి పిల్ల. కబుర్ల పుట్ట. ఎంత చిన్న సంగతైనా ఆమె చెబితే వినబుద్ధయ్యేది. కానీ ఆ ఇంట్లో వినేదెవరు?

“ఏవండీ, ఇవాళ పక్కింటి మేక ఏం చేసిందో తెలుసా? నేరుగా వంటింట్లోకి...”

“తర్వాత చెబుదువుగానిలే. పొద్దు పోతోంది.”

“ఏవండీ, మా మేనత్త గారింట్లో ఒకసారి దొంగ పడ్డాడు. పడి, అటకెక్కి...”

“తర్వాత, తర్వాత. తాళ్ళు పేనుకోవాలి.”

“ఏవండీ, మా ఊళ్ళో బావి ఉంది చూడండీ, మన పెళ్ళికి ముందు ఒకరోజు అక్కడ...”

“బావి ఎక్కడికీ పోదు. తర్వాత.”

ఆ బావి కబురు ఆమె కాపురానికొచ్చిన కొత్తలో మొదలుపెట్టింది. పదేళ్ళు దాటింది. పాపం ఆ మేక వంటింట్లోనే ఉండిపోయింది, ఆ దొంగ అటక మీదే ఉండిపోయాడు, బావి దగ్గర ఏం జరిగిందో బయటికే రాలేదు. పిల్లలు కూడా లేని ఇల్లు. ఉన్నది ఇద్దరు. అందులో ఒకరి చెవులకు తీరిక లేదు.

అందుకని సూరమ్మ సాయంత్రాలు పశువుల కొట్టంలోకి పోయేది. అక్కడ రెండు ఎడ్లుండేవి. ఒకటి పుల్లడు, ముసలిది, ఎర్రమట్టి రంగుది. రెండోది మైలడు, బూడిద రంగుది, కుర్రది. మైలడు తిండి ధ్యాస తప్ప మరొకటి లేనివాడు. పుల్లడు అలా కాదు. పడుకుని నెమరు వేసుకుంటూ సూరమ్మ చెప్పే కబుర్లన్నీ చివరికంటా వినేవాడు.

నెమరంటే తెలుసుగా? పొద్దున గబగబా మింగిన గడ్డిని మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని తీరిగ్గా నమలడం. ఆవులు, ఎడ్లు, మేకలు చేస్తాయి. మీరు చెయ్యకండి.

ఎద్దు మాట్లాడుతుందా అని కూడా అడక్కండి. ఆ రోజుల్లో మాట్లాడేవి. మనుషులే వినేవారు కాదు. ఆ విషయంలో ఇప్పటికీ పెద్ద తేడా లేదు.

ఒకనాటి సాయంత్రం సూరమ్మ పుల్లడి మెడ నిమురుతూ అంది.

“పుల్లడూ, రేపు మీతోపాటు నేను కూడా మా ఊరు వస్తున్నాను. నాలుగు రోజులుండి తిరిగొస్తానని ఆయన అనుకుంటున్నారు. నేను రాను. మా అమ్మ దగ్గరే ఉండిపోతాను.”

పుల్లడు నమలడం ఆపాడు. “కొట్టాడా?”

“ఛ, కొట్టరు. తిట్టరు. పస్తులుంచరు. కానీ గోడలతో మాట్లాడి మాట్లాడి నా నోరెండిపోయింది పుల్లడూ. నేనొకదాన్ని ఇంట్లో ఉన్నానని ఆయనకి గుర్తుందో లేదో కూడా నాకు తెలీదు.”

“పోనీ, రానని ఆయనకి చెప్పావా అమ్మా?”

“మొదలుపెట్టాను. తర్వాత అన్నారు.”

పుల్లడు గట్టిగా ముక్కుతో గాలి వదిలాడు. చూశారా, ఎద్దుకు కూడా విసుగొచ్చింది. ఈ సంగతి ఎద్దుకు తెలుసు, ఇప్పుడు మీకు తెలుసు. తెలియవలసిన మనిషికి మాత్రం తెలియదు.

మర్నాడు పొద్దున్నే ప్రయాణం. రెండు ఎడ్ల వీపుల మీదా అటొక సంచీ ఇటొక సంచీ ఉప్పు వేసి కట్టాడు పేరయ్య. ముందు పుల్లడు, వెనక మైలడు, పక్కన పేరయ్య, ఆ వెనక మూటతో సూరమ్మ. ఆ మూట నాలుగు రోజులకు సరిపడేది కాదు, పెద్దది. పేరయ్య దాన్ని చూశాడు. చూసి, “బరువైన మూటతో నడక సాగదు, ఇలా ఇవ్వు,” అని తీసుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు. ఎందుకింత పెద్దదని మాత్రం అడగలేదు. చెప్పానుగా, మంచివాడే. అదే కదా నా బాధ!

కొండ పాదం దగ్గర ఒక చింతతోపు ఉంది. ఆ దారిన పోయే ప్రతి ఎడ్ల మనిషీ అక్కడ బరువులు దించి, ఎడ్లను పడుకోబెట్టి, అవి నెమరు వేసుకోవడం అయ్యేదాకా ఆగడం ఆచారం. దాన్ని నెమరు పూట అనేవాళ్ళు. కొండల మధ్య కనుమ దారి ఎక్కాలంటే ఎద్దుకు కడుపు తేలిక పడాలి. తాతల నాటి పద్ధతి.

పేరయ్య పడమటి దిక్కు చూశాడు. కొండ నెత్తిన మబ్బు పట్టింది. వానొస్తే ఉప్పు ఏమవుతుందో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. కనుమ దాటితే సూరమ్మ వాళ్ళ ఊరు, అక్కడ చావిట్లో చేరితే ఉప్పు భద్రం.

“ఆగేది లేదు. పదండి,” అన్నాడు.

“నెమరు పూటయ్యా,” అన్నాడు పుల్లడు.

“తిన్నదాన్ని మళ్ళీ తినడమేమిటి నీ మొహం! ఒక తిండికి రెండుసార్లు కాలం ఖర్చు. నడుస్తూ నములు. నేను నడుస్తూ తినడం లేదూ?”

“నువ్వు ఎద్దువి కాదు,” అన్నాడు పుల్లడు.

“కాదు కాబట్టే బాగుపడ్డాను. హయ్!”

నడిచారు. కనుమ దారి సన్నం. ఒక పక్క నిలువునా బండ, ఇంకో పక్క లోయ, మధ్యలో ఒక్క ఎద్దు పట్టేంత బాట. దారి సగం ఎక్కారో లేదో, పుల్లడు ఆగాడు. ముందుకాళ్ళు మడిచాడు. వెనక కాళ్ళు మడిచాడు. దారికి అడ్డంగా, సంచులు నేలకానేలా, సుఖంగా కూర్చున్నాడు. కళ్ళు అరమూసి నమలడం మొదలుపెట్టాడు. అది చూసి మైలడు కూడా కూర్చున్నాడు. వాడికి కారణాలతో పని లేదు.

పేరయ్యకు ఒళ్ళంతా కారం పూసినట్టయింది. ముందు బతిమాలాడు. తర్వాత అరిచాడు. తర్వాత తోక మెలిపెట్టాడు. పుల్లడు కదల్లేదు.

“కాలం పోతోందిరా! కాలం!”

“అయ్యా, ఒక మాట అడుగుతాను,” అన్నాడు పుల్లడు. “ఇన్నేళ్ళుగా కాలం మిగిలిస్తున్నావు కదా. అదంతా ఎక్కడ దాచావు? అందులోంచి ఒక్క పూట తీసి నాకివ్వు, నెమరు వేసుకుంటాను. ఎక్కువ అడగడం లేదు.”

అప్రయత్నంగా పేరయ్య చెయ్యి మొలలోని సంచీ తడిమింది. అక్కడ రెండు పోకచెక్కలు తప్ప ఏమీ లేవు.

సూరమ్మ బండకు ఆనుకుని నిలబడింది. ఆమె కళ్ళు కనుమ పైకి చూస్తున్నాయి. అది దాటితే ఆమె ప్రయాణం అయిపోయినట్టే. వెర్రిబాగులవాడు ఆ ఎద్దును ఎంత తరిమితే తన పెళ్ళాన్ని అంత తొందరగా పోగొట్టుకుంటాడు, ఆ సంగతి తెలీక శక్తికొద్దీ తోస్తున్నాడు. నేను అక్కడ ఉంటేనా!

ఇంతలో కింద నుంచి గుర్రం డెక్కల చప్పుడు. రాజుగారి వార్తాహరుడు వచ్చాడు, గుర్రం నురగలు కక్కుతోంది.

“తప్పుకోండి, తప్పుకోండి! కొండ మీద విడిది చేసిన రాజుగారికి అత్యవసర వార్త మోసుకుపోతున్నాను!”

“వార్త ఏమిటి?” అన్నాడు పుల్లడు నములుతూ.

“చెప్పకూడదు!”

“అయితే కూర్చో,” అన్నాడు పుల్లడు.

వార్తాహరుడు గుర్రాన్ని మీదికి తోలాడు. గుర్రం పుల్లడి కొమ్ములు చూసి, లోయ చూసి, కదలనంది. గుర్రాలకున్న బుద్ధి... సరే, పోనివ్వండి.

కాసేపటికి సిద్ధాంతిగారు ఆయాసపడుతూ వచ్చారు. చంకలో పంచాంగం, చేతిలో కర్ర.

“ఏమయ్యా, దారికడ్డంగా ఈ పశువేమిటి? పైన పెళ్ళి ఉంది. ముహూర్తం దాటిపోతోంది! ఆ ఘడియ పోతే మళ్ళీ అంత మంచి ఘడియ ఈ ఏడాదిలో లేదు!”

“నేనేం చెయ్యను స్వామీ, లేవడం లేదు!” అన్నాడు పేరయ్య.

సిద్ధాంతిగారు పంచాంగం తీసి ఎద్దుకు చూపించారు. ఏం చెయ్యమంటారు, చూపించారు! పుల్లడు దాన్ని మర్యాదగా వాసన చూసి, తాటాకు ఎండిపోయిందని మొహం తిప్పుకున్నాడు.

మూడోసారి కింద నుంచి బోయీల కేకలు వినిపించాయి. పల్లకీ. పల్లకీలో ఎవరనుకున్నారు? సాక్షాత్తూ రాజుగారు!

వార్తాహరుడి కళ్ళు బైర్లు కమ్మాయి. “ప్రభూ! తమరు పైన ఉన్నారని కదా నేను...”

“పొద్దున్నే కిందికి దిగాను, మళ్ళీ ఎక్కుతున్నాను. నీకు చెప్పి దిగాలా? ఏమిటి వార్త?”

“‘రాజుగారిని త్వరగా రమ్మను’ అని మంత్రిగారి మాట ప్రభూ.”

“ఎందుకు?”

“అది చెప్పలేదు ప్రభూ. త్వరగా అని మాత్రం మూడుసార్లు చెప్పారు.”

రాజుగారు తల పట్టుకున్నారు. నేను కూడా.

అప్పుడు రాజుగారి చూపు ఎద్దు మీద పడింది. “ఎవడిదిరా ఇది?”

“నాదే ప్రభూ,” పేరయ్య చేతులు కట్టుకున్నాడు. “దీన్ని లేపలేక నా ప్రాణం పోతోంది. కాలం విలువ తెలిసినవాణ్ణి ప్రభూ నేను. నా బతుకులో ఒకే ఒక్క పూట వృథా చేశాను, కుర్రతనంలో. ఒక సంచీ ఉప్పు...”

“చాలు,” అన్నారు రాజుగారు. “నాకూ తీరిక లేదు. ఈ ముసలి ఎద్దును లోయలోకి తోయిస్తాను. దీనికి బదులు మంచి కుర్ర ఎద్దును ఇప్పిస్తాను, ఉప్పు నష్టం కూడా ఇప్పిస్తాను. నీకు కాలం కలిసొస్తుంది, నాకు దారి దొరుకుతుంది. సరేనా?”

కనుమలో అందరి చూపూ పేరయ్య మీద పడింది.

పుల్లడు మాత్రం నములుతూనే ఉన్నాడు. “తోస్తే తోయండి,” అన్నాడు. “నోట్లో ఉన్నది అయ్యాక.”

పేరయ్య పుల్లణ్ణి చూశాడు. మబ్బును చూశాడు. మొదటి చినుకు వచ్చి ముక్కు మీద పడింది. ఇక ఏమన్నాడో వినండి. నాకు చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

“అంటే... కాలం కలిసొచ్చే మాట నిజమే ప్రభూ...”

“ఆగండి.”

ఆ మాట అన్నది సూరమ్మ. బండ దగ్గర నుంచి వచ్చి పుల్లడి మెడ మీద చెయ్యి వేసి నిలబడింది.

“ప్రభూ, మీకు పుణ్యముంటుంది, దీన్ని తోయించకండి. మా ఇంట్లో నేను చెప్పింది చివరికంటా విన్న ప్రాణి ఇదొక్కటే. ఇది పోతే నేను బతికినట్టు చెప్పే సాక్షి కూడా లేడు.” తర్వాత మొగుడి వైపు తిరిగింది. “మీరు దీన్ని తోయించినా, మానినా, నేను మాత్రం తిరిగి రాను. ఆ మూట ఎందుకంత బరువుందో ఇప్పటికైనా తెలిసిందా?”

పేరయ్య నెత్తి మీది మూటను రెండు చేతులతో పట్టుకున్నాడు. దాని బరువు అప్పుడే తెలిసినట్టుంది.

“రావా? అదేమిటే? ఎందుకు? నేనేం చేశాను?”

“ఏమీ చెయ్యలేదు. ఒక్కసారి కూడా ఏమీ చెయ్యకుండా నా పక్కన కూర్చోలేదు.”

చినుకులు పెరిగాయి. పేరయ్య చూపు సంచుల మీదికి పోయింది. గోనె అంచులు తడుస్తున్నాయి. వెంట తెచ్చిన చాపలు విప్పి కప్పాలి, ఇప్పుడే కప్పాలి. కాళ్ళు అటు కదిలాయి కూడా.

“సరే, పొండి,” అంది సూరమ్మ నెమ్మదిగా. “పోయేముందు ఒక్కటి చెప్పండి. మీరెప్పుడూ ఒక పూట వృథా చేశానంటారే, ఆ పూట ఏం చేస్తూ కూర్చున్నారు?”

పేరయ్య ఆగాడు. ఆ ప్రశ్న ఆయన్ను అంతవరకు ఎవరూ అడగలేదు.

“ఏముంది... కొండ మీద మీ ఊళ్ళోనే. బావి దగ్గర ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. ఎవరిదో తాడు తెగి బిందె బావిలో పడిందట. కొక్కేల గాలం వేసి తీద్దామని ఆగాను. ముందు తుప్పు పట్టిన కొడవలి వచ్చింది. తర్వాత చిల్లుగరిటె వచ్చింది. బావిలో చిల్లుగరిటె ఎందుకుందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు. పొద్దు వాలే వేళకు బిందె వచ్చింది. ఈలోగా వానొచ్చి సంచీ ఉప్పు కరిగిపోయింది.”

“బిందె ఎవరిది?”

“ఏమో. నేను అడగలేదు. ఎవరిదైతేనేం.”

“నాది,” అంది సూరమ్మ.

పేరయ్య సంచుల వైపు నుంచి ఆమె వైపు తిరిగాడు.

“నాదండీ. గుంపులో వెనక, తడి పమిట నెత్తిన కప్పుకుని ఏడుస్తూ నిలబడ్డాను. ఆ బిందె పోతే మా అమ్మ నన్ను చంపేసేది. ఎవరో దారిన పోయే ఉప్పబ్బాయి, ఎవరిదని కూడా అడక్కుండా, మధ్యాహ్నమంతా నూతి గట్టున బోర్లా పడుకుని వెతికాడు. ఉప్పు కరిగి కాలవలా పారుతుంటే చూసి, ఆ అబ్బాయి ఏం చేశాడో గుర్తుందా? నవ్వాడు. పకపకా నవ్వాడు. మా వీధి ఆవులన్నీ వారం రోజులు ఆ నేల నాకాయి. ఆ సాయంత్రమే నేను మా నాన్నతో చెప్పాను, చేసుకుంటే ఆ ఉప్పబ్బాయినే చేసుకుంటానని. ముక్కూ మొహం తెలీని మనిషి కోసం అంతసేపు కూర్చున్నవాడు, కట్టుకున్నదాని పక్కన ఎంతసేపు కూర్చుంటాడో అనుకున్నాను.”

సూరమ్మ పమిటతో మొహం తుడుచుకుంది.

“మీ వర్తకం చూసి పిల్లనిచ్చారనుకున్నారు మీరు. మీరు వృథా అంటున్న ఆ పూట చూసి ఇచ్చారు. ఈ సంగతి చెబుదామని పెళ్ళయిన వారానికే మొదలుపెట్టాను. తర్వాత అన్నారు.”

పదేళ్ళుగా పేరయ్య ఊరూరా తిరిగి తిట్టుకున్న పూట అది! దానివల్లే ఇంట్లోకి దీపం వచ్చింది, ఆ దీపాన్ని పట్టించుకోకుండా ఆ పూటనే తిట్టుకున్నాడు. పక్కన సంచుల్లోంచి తెల్లటి నీళ్ళు కారడం మొదలైంది. ఆయన అటు చూడలేదు. నెత్తి మీది మూట దించాడు. తడి రాళ్ళ మీదే చతికిలబడ్డాడు. పక్కన చోటు చేతితో తుడిచాడు.

“సూరీ, కూర్చో,” అన్నాడు. “ఆ మేక వంటింట్లోకి పోయి ఏం చేసింది?”

సూరమ్మకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏది ముందో తెలీక రెండూ చేసింది.

రాజుగారికి ఓపిక నశించింది. “ఏమిటిది! ఒరేయ్ వర్తకుడా, ఎద్దును తోయించమంటావా, వద్దా? త్వరగా చెప్పు!”

పేరయ్య గిరుక్కున తిరిగాడు. రాజని లేదు, దండన అని లేదు, ఒక్క కసురు కసిరాడు.

“ప్రభూ, కాసేపు ఊరుకోండి! మా ఆవిడ మాట్లాడుతోంది!”

బోయీల గుండెలు జారాయి. సిద్ధాంతిగారి చేతిలో కర్ర జారింది. రాజుగారిని అంతవరకు ఊరుకోమన్నవాడు లేడు. ఆయన కళ్ళెర్రజేశారు, మీసం మీద చెయ్యి వేశారు. కానీ ఏం చేస్తారు? ముందు గుర్రం, దాని ముందు ఎద్దు, పైన వాన. పైగా ఆ మేక ఏం చేసిందో ఆయనకు కూడా తెలుసుకోవాలనిపించింది. పల్లకీ దిగి బండ కింద పొడి చోటు చూసుకుని కూర్చున్నారు.

“కానివ్వమ్మా,” అన్నారు.

సూరమ్మ చెప్పింది. మేక పిండివంటల మూకుడులో తల పెట్టి, అది ఇరుక్కుపోయి, మూకుడుతోనే వీధిన పడి, గ్రామపెద్ద గారి ఒళ్ళో కూర్చున్న సంగతి చెప్పింది. వార్తాహరుడు పడీ పడీ నవ్వాడు. అటకెక్కిన దొంగ తుమ్ము ఆపుకోలేక, అది తగ్గడానికి మేనత్తనే ఒక ఉప్పురాయి అడిగిన సంగతి చెప్పింది. సిద్ధాంతిగారు నవ్వి నవ్వి, ముహూర్తం సంగతి గుర్తొచ్చి, పంచాంగం తిప్పి, “వధువూ వరుడూ ఉన్నాక ఏదో ఒక ఘడియ దొరక్కపోతుందా,” అని గొణుక్కున్నారు.

వాన వెలిసింది. పుల్లడు నెమరు ముగించాడు. నాలుక మూతి చుట్టూ తిప్పుకుని, వెనక కాళ్ళ మీద లేచి, ముందు కాళ్ళ మీద లేచి, ఒళ్ళు దులుపుకున్నాడు. మైలడు కూడా లేచాడు.

ఎవరూ చూడలేదు. సూరమ్మ మూడో కబురులో ఉంది.

పుల్లడు ఒకసారి దగ్గాడు. తోక ఝాడించాడు. చివరికి విసుగెత్తి అన్నాడు. “అయ్యా, అమ్మా, నేను లేచానండీ! ఇంకా ఎంతసేపు?”

“ఉండరా,” అన్నాడు పేరయ్య. “ఇంకొంచెం ఉంది.”

ఎప్పటికో కదిలారు. నడుస్తుంటే పేరయ్య పుల్లడి చెవి దగ్గర వంగి అన్నాడు. “పుల్లడూ, నా కాపురం నిలబెట్టడానికి కూర్చున్నావు. నీ మేలు మరిచిపోలేను.”

“నీ తలకాయ,” అన్నాడు పుల్లడు. “నీ కాపురం కోసం కాదు. నెమరు కోసం కూర్చున్నాను. ప్రతిదానికీ ఏదో ఒక లాభం చూడకుండా ఉండలేవా నువ్వు?”

మీరిప్పుడు ఏమడుగుతారో నాకు తెలుసు. ముందు దారిలో కొండ విరిగి పడిందా, ఎద్దు ఆపబట్టి అందరూ బతికారా అని. లేదు. దారి శుభ్రంగా ఉంది. ఏ ప్రమాదమూ తప్పలేదు, ఏ నిధీ దొరకలేదు. సగం ఉప్పు కరిగిపోయింది, అంతే. ఆ కరిగిన చోట కొండ మేకలు వచ్చి రాళ్ళు నాకుతూ నిలబడ్డాయి. అది చూసి పేరయ్య నవ్వాడు. పకపకా నవ్వాడు. సూరమ్మ నడక ఆపి, ఆ నవ్వు అయ్యేదాకా ఆ మొహమే చూస్తూ నిలబడింది.

ఊళ్ళో ఆ బావి ఇంకా ఉంది. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. పేరయ్యకు ఊరికే కూర్చోవడం చేతకాలేదు పాపం. కాళ్ళు ఊపాడు, రాళ్ళు ఏరాడు, లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. కొత్త కదా, నేర్చుకోవడానికి కొంత పడుతుంది. నాలుగు రోజులనుకున్నది పది రోజులుండి, సూరమ్మ మూటను పేరయ్యే నెత్తిన పెట్టుకుని, ఇద్దరూ కలిసి కనుమ దిగారు.

ఆ తర్వాత ప్రతి ప్రయాణంలో చింతతోపు దగ్గర బరువులు దించేవాళ్ళు. ఎడ్లు నెమరు వేసేవి. సూరమ్మ మాట్లాడేది. దారిన పోయేవాళ్ళు, “ఏం పేరయ్యా, ఊరికే కూర్చున్నావు?” అని అడిగితే, “అవునండీ,” అనేవాడు. కారణం చెప్పేవాడు కాదు.

ఇక లేవండి, అన్నం చల్లారిపోతోంది. వింటున్నారా, లేక మీది కూడా తర్వాతేనా? నీతి ఒక్కటే: ఒక పూట వృథా అయిందని దాన్ని తిట్టుకునే ముందు, ఆ పూట బావిలోంచి ఎవరి బిందె పైకి తీశావో అడిగి తెలుసుకో.